అడాప్టర్ ముఖం ఏ వైపు?

మధ్యాహ్నం మీటింగ్‌లోపు రెండో స్క్రీన్ వెలగకపోతే సోమవారం నేను బెంగుళూరు బస్సెక్కాలి. మా లీడ్ మురళీధర్ గారు తేల్చి చెప్పేశారు. "ఒక స్క్రీన్‌లో కస్టమర్ల సర్వర్లు చూస్తూ, ఇంకోదాంట్లో పని చేయాలి. ఇంట్లో కుదరకపోతే ఆఫీసుకు వచ్చెయ్ వసుధా." మదనపల్లె చల్లగాలినీ, అవ్వ సంగటినీ వదిలి మళ్ళీ హాస్టల్ సాంబారు మొహం చూసే ఓపిక నాకు లేదు.

మానిటర్‌ను ఉదయ్ కిరణ్ బావ పుంగనూరు నుంచి దుప్పట్లో చుట్టి బైకు మీద తెచ్చాడు. మూసేసిన తన నెట్ సెంటర్‌లో మిగిలిన ఆస్తి అదొక్కటే. నా ల్యాప్‌టాప్ మరీ సన్నం, మానిటర్ వైరు దూర్చే చోటే లేదు. అందుకని నిన్న బజారులో యూఎస్‌బీ అడాప్టర్ కొన్నాను. దాని తోక ల్యాప్‌టాప్‌కి, రెండో వైపు రంధ్రంలో మానిటర్ వైరు.

పొద్దున్నే అడాప్టర్‌కు కావాల్సిన డ్రైవర్ సాఫ్ట్‌వేర్ ల్యాప్‌టాప్‌లో ఎక్కించాను. మానిటర్ నల్లగా ఉంది. రీస్టార్ట్ చేశాను. ఇంకా నల్లగానే ఉంది.

"ఆ లినక్సు తీసి పారేసి విండోస్ ఏసుకో మ్మే," అన్నాడు బావ దోసె నములుతూ. "కుప్పంలో నాలుగేండ్లు సదివింది ఇదేనా?"

"నీ నెట్ సెంటర్ విండోస్‌తోనే కదా మూతపడింది బావా."

కమాండ్లు కొట్టి చూశాను. ల్యాప్‌టాప్‌కు అడాప్టర్ కనబడుతోంది. అడాప్టర్‌కే మానిటర్ కనబడటం లేదు. అంటే తప్పు లినక్స్‌ది కాదు. ఈ మాట బావకు వినబడేలా రెండుసార్లు అన్నాను. వైరు పీకి, మొన చున్నీకి తుడిచి, సెట్‌టాప్ బాక్సుకు తగిలిస్తే మానిటర్‌లో భక్తి చానెల్ చక్కగా వచ్చింది.

అప్పుడు చూసుకున్నాను, చున్నీ మీద పసుపు మరక. అడాప్టర్ రంధ్రంలోకి ఫోన్ టార్చి వేశాను. లోపల ఎండిన పసుపు ముద్ద, మధ్యలో కుంకుమ.

"అవ్వా!"

"యాలమ్మే అట్ల అరుస్తాండావు?"

"దీనికి బొట్టు పెట్టినావా?"

"కొత్త వస్తువును బొట్టు లేకుండా యాడన్నా వాడతారా? మిక్సీకి పెట్టలా? సిలిండరుకు పెట్టలా?" అంది అవ్వ. "దీని ముఖం యాడుండాదో తెలీలా. నోరు కనబడిన పక్క పెట్టినా."

బావకు దోసె గొంతులో అడ్డం పడింది. నేను చీపురుపుల్ల, పాత టూత్‌బ్రష్, రెండు చుక్కల శానిటైజర్ తీసుకుని కూర్చున్నాను. గీకి, ఊది, ఆరబెట్టి మళ్ళీ తగిలించాను. మానిటర్ ఒకసారి కళ్ళార్పి వెలిగింది.

ఫోటో తీసి మురళీధర్ గారికి పంపాను. "గుడ్. ఇంటి నుంచే కానియ్," అని జవాబు వచ్చింది.

అవ్వ కుంకుమ భరిణె పట్టుకుని మళ్ళీ వచ్చింది. "ఇప్పుడన్నా సెప్పు. దీని ముఖం యాడుండాది?"

రంధ్రాలేవీ లేని వైపు తిప్పి చూపించాను. "ఈడే అవ్వా."

నిండుగా బొట్టు పెట్టి, నా పక్కన కుర్చీ లాక్కుని, అవ్వ రెండో స్క్రీన్ వైపు తిరిగింది.

"ఇందాకటి ఆ సామి సానెల్ పెట్టు మ్మే. పనికి ఒకటి సాలదా?"