కరేపాకుకు చలి తగిలిన ఏడాది

పెళ్ళయి దుబాయ్ వచ్చిన కొత్తలో తహ్మీనాకు ప్రతిదీ ముద్దొచ్చేది. దుబాయ్ అనేది ఊళ్ళోవాళ్ళ మాట. నిజానికి ఆమె వచ్చి దిగింది అల్ ఐన్ అవతల, ఇసుక దిబ్బల అంచునున్న ఒక ఖర్జూరపు తోటలో. భర్త ముబారక్ ఆ తోటకు నీళ్ళ పైపుల పని చూస్తాడు. తోట వెనక వాళ్ళకిచ్చిన ఇంట్లో ఒక గది, ఒక వంటిల్లు. గదిలో మంచం వేస్తే తలుపు సగమే తెరుచుకుంటుంది. కానీ ఆ సగంలోంచి కాళ్ళు బయటికి చాపి, ఎండలో పాదాలు వెచ్చబెట్టుకుంటూ మంచం మీదే టీ తాగొచ్చు. ఈ సంగతి కనిపెట్టిన రోజు తహ్మీనా రాయచోటిలో ఉన్న వాళ్ళమ్మకు ఫోన్ చేసి మరీ చెప్పింది. కడపలో డిగ్రీ దాకా చదివిన పిల్ల టీ గురించి అంతసేపు ఏం మాట్లాడుతోందో ఆ తల్లికి అంతు పట్టలేదు.

పక్క గది హుస్సేనమ్మది. ఆమెదీ రాయచోటి వైపే. తోట యజమానిని అక్కడ అందరూ కఫీల్ అంటారు; ఆ కఫీల్ ఇంట్లో ఆమె వంట చేస్తుంది. ముబారక్‌ను ఈ పనిలో పెట్టించింది ఆమే. చుట్టరికమేమీ లేకపోయినా అతను "పెద్దమ్మా" అని పిలుస్తాడు, ఆమె చుట్టరికం ఉన్నట్టే తిడుతుంది.

రెండు గదుల మధ్య పెరడంతా హుస్సేనమ్మ పెంచిందే. మల్లె, మునగ, అరటి, గోరింటాకు, పుదీనా, గోంగూర మడి. వీటన్నిటి నడుమ కరేపాకు చెట్టు. ఎప్పుడో ఊరినుంచి తడిగుడ్డలో చుట్టుకుని తెచ్చిన చిటికెన వేలంత మొలక, ఇప్పుడు రేకుల కప్పును దాటిపోయింది. ఆ చుట్టుపక్కల ఉన్న తెలుగువాళ్ళంతా ఆ చెట్టుకు చుట్టాలే. ఆసుపత్రిలో నర్సు లీలాకుమారిది కాకినాడ. సెలవు దొరికితే చాలు, ట్యాక్సీ ఎక్కి వచ్చి రెమ్మలు కోసుకుని, వాటిని పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుని వెళ్ళేది.

రంజాన్ పండగ కాగానే హుస్సేనమ్మ ఊరికి వెళ్ళిపోతుంది. ఇక తిరిగి రాదు. మోకాళ్ళు మాట వినడం మానేశాయి. ఈలోగా జనవరిలో కఫీల్ కూతురి పురుడుకని ఆమెను అబుదాబీ తీసుకువెళ్ళారు. కారెక్కే ముందు తహ్మీనా చెయ్యి పట్టుకుని చెట్టు దగ్గరికి నడిపించింది.

"పాపా, పండగైనాక ఎట్లాగూ ఇది నీదే. ఇప్పట్నించే చూసుకో. నేను పొయ్యేలోపల నీకు అలవాటు కావల్ల, దానికీ నువ్వు అలవాటు కావల్ల."

పెళ్ళినాడు తన అప్పగింతలప్పుడు కూడా తహ్మీనాకు అంత గుండె దడ రాలేదు.

హుస్సేనమ్మ వెళ్ళిన వారంలోనే ఆ చలి వచ్చింది. పొద్దున్నే కుళాయి తిప్పితే చుక్క రాలేదు. బకెట్లో నీళ్ళ మీద అద్దంలాగా పలక కట్టింది. గడ్డి తెల్లబడింది. జీవితంలో ఎండ తప్ప ఇంకోటి ఎరగని రాయచోటి పిల్ల, ముబారక్ జాకెట్ తొడుక్కుని పెరట్లోకి పరిగెత్తింది.

"ఏమయ్యా! లెయ్! మంచు! మన పెరట్లో మంచు!"

"ఫ్రిజ్జు తలుపు తీసిపెట్టినావేమో చూడు," అన్నాడతను దుప్పట్లోంచి.

బయటికొచ్చి చూసి అతనూ చిన్నపిల్లాడైపోయాడు. బకెట్లోంచి మంచు పలక ఎత్తి మొహాల మధ్య పెట్టుకుని ఒకరినొకరు చూసుకున్నారు. అవతల అతని ముక్కు రెండుగా కనిపించింది. తహ్మీనా ఆ ఫోటోను స్టేటస్ పెట్టుకుంది. వేళ్ళు కొంకర్లు పోయేదాకా ఆడుకున్నారు.

ఎండెక్కాక చూస్తే చెట్లన్నీ వాలిపోయి ఉన్నాయి. అరటాకులు ఉడికించినట్టయ్యాయి. గోంగూర మడి నేలకు అంటుకుపోయింది. కరేపాకు చెట్టుకు ఆకు ఆకూ నల్లబడి వేలాడుతోంది.

మంచు ఉన్నంతసేపూ పచ్చగానే కనబడిన ఆకు ఎండ తగిలాకే నల్లబడింది. అందుకని నేరం ఎండ మీదికి పోయింది. రాయచోటిలో చెట్టుకు శత్రువు ఒకటే. ఆకు వాలిందంటే దాహం, నల్లబడిందంటే ఎండదెబ్బ. అక్కడ పుట్టిన ఎవరిని లేపి అడిగినా నీడ వేసి నీళ్ళు పొయ్యమనే చెబుతారు. వీళ్ళిద్దరూ అదే చేశారు. ముబారక్ తోటలోంచి పచ్చ వల తెచ్చి చెట్టు మీద పందిరిలా కట్టాడు. వల చాలక వంటింటి గోడ దగ్గర కాస్త జాగా మిగిలిపోయింది. తహ్మీనా చెట్టు చుట్టూ పెద్ద పాదు తవ్వి, పొద్దునా సాయంత్రమూ నిండుగా నీళ్ళు పట్టింది. నీళ్ళు ఇంకకపోతే, తాగనని మొండికేసే బిడ్డను బుజ్జగించినట్టు ఇంకాస్త పోసింది.

హుస్సేనమ్మ తిరిగొచ్చి, చేతిసంచి కింద పెట్టకుండానే పెరట్లోకి వచ్చింది. వల చూసింది. పాదు చూసింది. పాదులో మబ్బు నీడ కదులుతోంది.

"ఏమే పాపా! కరేపాకు చెట్టుకు వరిమడి కట్టినావే!"

తహ్మీనాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "ఎండదెబ్బ అనుకుంటిమి పెద్దమ్మా."

"జనవరిలో ఎండదెబ్బా?" అని నవ్వబోయి, హుస్సేనమ్మ చెట్టు మీద చెయ్యి వేసింది. నవ్వు అక్కడే ఆగిపోయింది. "చలికి మాడింది మ్మే. మాడినదాన్ని మళ్ళీ చన్నీళ్ళలో నిలబెట్టినారు." తర్వాత తహ్మీనా మొహం చూసి గొంతు తగ్గించింది. "పోనీలే. నేనున్నా ఏం చేసుందును. నేనూ రాయచోటిదాన్నే గదా."

ఆ మంచి మాట తహ్మీనాకు తిట్టుకంటే ఎక్కువ తగిలింది.

వల విప్పేశారు. నీళ్ళు ఆపేశారు. ఇక చూడటం ఒక్కటే మిగిలింది. తహ్మీనా రోజూ టీ గ్లాసు పట్టుకుని పెరడంతా తిరిగేది. కొమ్మ మీద గోటితో గీరితే లోపల పచ్చగా ఉందంటే బతికి ఉన్నట్టని కాలేజీలో చదువుకున్నది గుర్తుంది. గోరింటాకును గీరింది, పచ్చగా ఉంది. ఆ రోజంతా పాటలే. పుదీనా నేలలోంచి తనంతట తానే లేచి వచ్చింది. మునగ మోడు మీద ఆవగింజంత చిగురు పొడిస్తే, పనిలో ఉన్న ముబారక్‌కు వీడియో కాల్ చేసి చూపించింది. అతను పైపుల మధ్య నిలబడి, "మగబిడ్డా, ఆడబిడ్డా?" అని అడిగాడు. మల్లె అడుగున ఎర్రటి చివుర్లు వచ్చిన సాయంత్రం తహ్మీనా ఇద్దరికీ సేమ్యా వండింది. అరటి తల్లి కుళ్ళిపోయినా పక్కన పిలక ఒకటి ముక్కు బయటపెట్టింది. గోంగూర మాత్రం పోయింది.

కరేపాకు ఏమీ చెప్పలేదు. ఎక్కడ గీరినా గోధుమ రంగే. కొమ్మల చివర్లు పుటుక్కున విరిగేవి.

లీలాకుమారి వచ్చి చెట్టు చూసి, సంచి చంకలో పెట్టుకుని అలాగే నిలబడిపోయింది. తర్వాత మాను మీద రెండు వేళ్ళు ఆనించి కళ్ళు మూసుకుంది.

"నాడి అందట్లేదండీ," అంది.

"నర్సమ్మకే అందకపోతే ఇంక ఎవరికి అందుతాది," అంది హుస్సేనమ్మ. "ముబారకూ, ఆ రంపం తీసుకురా. కొట్టేద్దాం. ఖలాస్."

"అప్పుడేనా పెద్దమ్మా!" తహ్మీనా అడ్డం నిలబడింది. "పండగ దాకన్నా చూద్దాం."

"చూసేదేముండాది మ్మే? నేను పొయ్యేటప్పుడు ఎండుకట్టెను చూసి పోవల్లనా? కొట్టేస్తే జాగా ఖాళీగా ఉంటాది. ఖాళీ జాగాను చూసి పోవచ్చు."

ఆమె ఆ మాట మామూలుగానే అంది. కానీ చీర కొంగును వేలికి చుట్టి విప్పి, మళ్ళీ చుట్టింది. ఇన్నేళ్ళు పరాయి వంటింట్లో పరాయి రుచులు వండిన మనిషికి తనదని చూపించుకోవడానికి ఈ దేశంలో ఉన్నది ఆ చెట్టే. అది తహ్మీనా చేతిలోకి వచ్చిన వారానికే పోయింది. తహ్మీనాకు నిద్రలో కూడా అదే తొలిచేది. పెద్దమ్మ వెళ్ళేలోపల ఒక్క చిగురు, ఒక్కటంటే ఒక్కటి కనిపిస్తే చాలు.

ముబారక్ రంపం కోసం వెళ్ళి చాలాసేపటికి ఉత్త చేతులతో వచ్చాడు. "కనపడలేదు పెద్దమ్మా."

"నిన్న ఖర్జూర మట్టలు కోసినావు గదరా దాంతో?"

"కోసినా. యాడ పెట్టినానో."

హుస్సేనమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఈ ఇంట్లో రంపం గూడా పెండ్లాం మాటే వింటాది," అంది. లీలాకుమారి పకపకా నవ్వింది. రంపం వాళ్ళ మంచం కింద, తహ్మీనా పెళ్ళి పెట్టె వెనకాల ఉంది.

చలి ఫిబ్రవరి దాకా వదల్లేదు. పెద్దమ్మ మోకాళ్ళు చూసి తహ్మీనా ఒక పని తన మీద వేసుకుంది. తెల్లవారుజామున నీళ్ళు కాచి, చెంబుతో తెచ్చి ఇచ్చేది. హుస్సేనమ్మ వంటింటి గోడ దగ్గర సిమెంటు ఇటుక మీద కూర్చుని, నమాజుకు ముందు చేతులూ మొహమూ కాళ్ళూ ఆ వేడినీళ్ళతో కడుక్కుని వజూ చేసేది. రోజుకు ఐదు పూటలా అదే ఇటుక, అదే గోడ. నీళ్ళు ఇటుక మీంచి జారి గోడ మొదట్లోకి ఇంకిపోయేవి. ఇటుక చుట్టూ ఏవో పిచ్చిమొక్కలు కూడా లేచాయి. వాటిని ఎవరూ పట్టించుకోలేదు. అందరి చూపూ మాను మీదే.

రంజాన్ వచ్చింది, ఉపవాసాలు గడిచాయి, పండగా అయిపోయింది. కరేపాకు మాను ఎలా ఉన్నది అలాగే ఉంది. హుస్సేనమ్మ పెట్టెలు కట్టుకుంది. తహ్మీనా ఆమె పెట్టెలో ఖర్జూరాలు సర్దుతూ, ఏదో ఒకటి మాట్లాడాలని మల్లె గురించి, మునగ గురించి చెబుతూ పోయింది. కరేపాకు పేరెత్తలేదు. హుస్సేనమ్మా ఎత్తలేదు.

ప్రయాణం నాటి పొద్దున హుస్సేనమ్మ చివరిసారి ఆ ఇటుక మీద కూర్చుంది. చలి పోయి చాలా రోజులైనా తహ్మీనా అలవాటు కొద్దీ గోరువెచ్చని నీళ్ళే తెచ్చింది. వజూ ముగించాక హుస్సేనమ్మ చుట్టూ చూసి, "ఛీ, ఎంత గడ్డి పెరిగిందే. నేను పోయినాక నువ్వు జారి పడతావు," అని చేతికందిన మొక్కలు ఒక్కొక్కటీ పీకడం మొదలుపెట్టింది. పట్టుకుంటే చాలు ఊడి వస్తున్నాయి. ఒకటి మాత్రం రాలేదు. వంగి ఇంకోసారి లాగింది. చెయ్యి జారి, రెండు ఆకులు మాత్రం వేళ్ళ మధ్య మిగిలాయి.

ఆమె వాటిని పారెయ్యబోయి ఆగింది. తడిచేతిని ముక్కు దగ్గర పెట్టుకుంది.

"పాపా."

తహ్మీనా చెంబు కడుగుతోంది. "ఏం పెద్దమ్మా, మోకాలా?"

"ఈ చెయ్యి వాసన చూడు."

తహ్మీనా వంగి చూసింది. చెంబు చేతిలోంచి జారి గలగలమంటూ పెరడంతా దొర్లింది. తాలింపు వేయకుండానే తాలింపు వాసన. కింద, గోడకు ఆనుకుని జానెడు పొడుగున ఆ మొక్క రెండు వైపులా ఆకులు వేసుకుని నిలబడి ఉంది. వల అందని చోట, పాదు నీళ్ళు రాని చోట, ఎండకు కాగిన గోడ పక్కన, ఇద్దరు ఆడవాళ్ళ వేడినీళ్ళు తాగుతూ పైకొచ్చింది. తహ్మీనా మోకాళ్ళ మీద కూర్చుని వేళ్ళతో మట్టి తీసింది. కొత్త మొక్క కింద బొటనవేలంత వేరు, అటు పెద్దమాను వైపు సాగిపోతోంది.

"విడి మొక్క కాదు పెద్దమ్మా! ఇదే! ఈ చెట్టే!"

"తెలుస్తాండాదిలే. నా చెట్టు వాసన నాకు చెప్తావా?" అంది హుస్సేనమ్మ. "నేనే పీకేస్తాంటి గదే! ఇన్ని దినాలు నువ్వు ఆడ గీరతా కూర్చుంటివి, ఇది ఈడ నా కాళ్ళ కిందే ఉండె!"

చప్పుడుకు ముబారక్ నురగ మొహంతో, పళ్ళు తోముకునే బ్రష్షుతోనే బయటికొచ్చాడు. తహ్మీనా అతన్ని రెండు చేతులా పట్టుకుని గిర్రున తిప్పింది, పెద్దమ్మ ఎదుటే. హుస్సేనమ్మ సిగ్గుపడినట్టు మొహం తిప్పుకుంది గానీ, తిప్పుకున్న మొహం నిండా నవ్వే.

"చాల్లే తిరిగింది. ఇప్పుడు తియ్యరా ఆ రంపం."

ముబారక్ బ్రష్షు నోట్లోనే ఉంచుకుని తలవంచుకుని లోపలికి పోయి, పెళ్ళి పెట్టె వెనక నుంచి రంపం తెచ్చాడు.

"కొట్టు. దానికి పోయే బలం దీనికి రానీ," అంది హుస్సేనమ్మ. ఈసారి కొంగు వేలికి చుట్టుకోలేదు.

మాను కోసి ముక్కలు చేశారు. మూడు రాళ్ళు పెట్టి, ఆ ఎండుపుల్లలతోనే హుస్సేనమ్మ టీ కాచింది. సగం తెరుచుకునే తలుపు దగ్గర ముగ్గురూ కాళ్ళు ఎండలోకి చాపుకుని కూర్చుని తాగారు. టీకి కాస్త కరేపాకు పొగ వాసన పట్టింది. బాగుందో బాగాలేదో ఎవరూ చెప్పలేదు, రెండో గ్లాసు మాత్రం అందరూ పోయించుకున్నారు.

మధ్యాహ్నం కారు వచ్చింది. పెట్టెలెక్కాక హుస్సేనమ్మ కిటికీ అద్దం దించింది.

"మ్మే, ఆ ఇటుక నీది ఇంక. ఆడనే కూర్చుని వజూ చేసుకో. దానికి ఆ నీళ్ళు చాలు. ఏం?"

"సరే పెద్దమ్మా."

"వరిమడి కట్టినావంటే విమానం దిగి వెనక్కొస్తా."

"అయితే కడతా," అంది తహ్మీనా ఏడుస్తూనే.

హుస్సేనమ్మ పడీపడీ నవ్వింది. ఆ పొద్దున తుంచిన రెండాకులూ ఆమె జేబురుమాలులో మడిచి ఉన్నాయి. కారు ఖర్జూరపు చెట్ల మధ్య మలుపు తిరిగేదాకా చూసి, తహ్మీనా వెనక్కి వచ్చింది. నమాజు వేళ అయింది. ఇటుక మీద కూర్చుని చెంబు వంచింది. నీళ్ళు గోడ మొదట్లోకి జారాయి. ఇంకో చెంబు పోయాలని చెయ్యి లాగింది గానీ, చెంబును బోర్లించి పక్కన పెట్టి లేచింది.