పూసల నెమలి, ఖాకీ బొంత

“జడ్జిగారూ, మా క్యారేజీ సర్దీసినారా?” అని మా ఆయన వంటగది గుమ్మంలో నిలబడి అడిగి, ఆ మాటకు తనే పగలబడి నవ్వారు.

నేను పైగిన్నెలో వంకాయకూర పెట్టి క్యారేజీ బిగిస్తున్నాను. నవ్వితే నవ్వనీ అనుకున్నాను. నాకూ లోపల నవ్వొస్తూనే ఉంది, వేరే కారణానికి. చిన్నప్పుడు స్కూలు వాళ్ళు పిక్నిక్కు తీసుకెళ్ళే రోజు పొద్దున్నే కడుపులో ఒక గిలిగింత ఉండేది. లేచినప్పటి నుంచీ అదే గిలిగింత.

సంగతేమిటంటే, ఆ ఏడు, అంటే ఎనభై మూడులో, భిలాయి ఉక్కు ప్లాంటు టౌన్‌షిప్ సెక్టర్లలోని మహిళా సంఘాలు కొన్ని కలిసి చేతిపనుల ప్రదర్శన పెట్టాలనుకున్నాయి. ఎప్పుడూ పెట్టేలాంటిది కాదు. “నేటి చేతిపని” అని దానికి పేరు. పాత నమూనా చూసి దించినవి వద్దు, ఎవరి ఆలోచన వాళ్ళదే అయి ఉండాలి. పైగా వచ్చినవన్నీ పెట్టరు. ముగ్గురు కూర్చుని ఎంచినవే గోడెక్కుతాయి. ఆ ముగ్గురిలో ఒకరు రాయ్‌పూర్‌లో ఆర్టు నేర్పే మాలతీ దేవాంగన్. ఇంకొకరు ప్లాంటు డ్రాయింగ్ ఆఫీసులో పనిచేసి రిటైరైన గురునాథరావుగారు. మూడో మనిషిని నేను. ఎన్నో ఏళ్ళుగా మధ్యాహ్నాలు సంఘంలో జీతం లేకుండా కుట్టుపని నేర్పుతున్నాను కదా, మా కార్యదర్శి వరలక్ష్మమ్మగారు “కనకలత పేరు వెయ్యండి” అన్నారట.

ఆ కబురు తెలిసినప్పుడు మా ఆయన సత్యమూర్తిగారు అన్న మొదటి మాట, “నీకేటి తెలుసనీ?” నాకు కోపం రాలేదు, ఎందుకంటే అదే మాట నేనూ అనుకున్నాను. బట్టల కొట్లో నేను చెయ్యి వేసిన చీరను కొట్టు భయ్యా ముందే పక్కకు తోసి, “ఆవిడికి రంగులు తెలవు” అంటారాయన. ఏ పూట ఏ కూరో మా అత్తమ్మ చెబుతుంది. కిటికీ తెరలు ఆడపడుచు పంపింది. పిల్లల పేర్లు మామగారు ఉత్తరంలో రాసి పంపారు. అంతెందుకు, పెళ్ళిచూపుల్లో నన్ను నడవమన్నారు, పాడమన్నారు, సూదిలో దారం ఎక్కించమన్నారు. తర్వాత అటువైపు వాళ్ళంతా పక్కగదిలో కూర్చుని మాట్లాడుకుని “సరే” అన్నారు. పెళ్ళికొడుకు నీకు నచ్చాడా అని నన్నడగాలని ఎవరికీ తోచలేదు, నాక్కూడా. పుట్టినప్పటి నుంచీ నన్ను ఎంచినవాళ్ళే. ఇప్పుడు ఎవరో నన్ను పిలిచి, బల్లల మీద వస్తువులు పరిచి, నువ్వు ఎంచు అంటున్నారు.

మా ఆయన సైకిలు తాళం తీస్తూ గొంతు తగ్గించారు. “మరిసిపోకు. భుజంగరావుగారి మిసెస్సు పూసల నెమలి పెట్టినారంట. ఆయన ప్లాంటులో మా షాపు సూపరింటెండెంటు. ఆ నెమలి గోడ మీద లేకపోతే నేను డ్యూటీకి ఏ మొహం పెట్టుకెళ్తాను?”

“అక్కడ పేర్లుండవండీ. చీటీ మీద నంబరే ఉంటుంది.”

“నెమళ్ళు ఎన్నుంటాయేటి? కళ్ళకి కనపడతాది కదా!”

మా అత్తమ్మ అప్పలనరసమ్మ అరుగు మీద చిక్కుళ్ళు ఈనెలు తీస్తోంది. నేను బయటికి బయలుదేరితే ఏదో ఒక పని పురమాయించకుండా ఉండదు. ఆవేళ మాత్రం తలెత్తకుండానే, “ఎల్లనీరా దాన్ని, ఆలీసం అవుతాది” అంది.

సెక్టర్ 2లోని హాలు తలుపు తీయగానే నాకు జాతరలో దిగినట్టయింది. బల్లల మీద, నేల మీద, కుర్చీల మీద కూడా వస్తువులే. థర్మోకోల్ గుళ్ళు, అగ్గిపుల్లల మేడలు, తాళ్ళతో ముడేసిన గుడ్లగూబలు, ప్లాస్టిక్ వైరు బుట్టలు, ‘స్వాగతం’ అని కుట్టిన దిండుగలీబులు. మాలతి నాకన్నా చిన్నది. జుట్టు కత్తిరించుకుని, నూలుచీర పైకి దోపుకుని, చెప్పులు విడిచేసి ఆ వస్తువుల మధ్య తిరుగుతోంది. “దీదీ, ముందు ఊరికే చూద్దాం. ఏమీ అనొద్దు. కళ్ళనిండా చూద్దాం” అంది హిందీలో.

ఊరికే చూడటం! ఇంట్లో నేను దేన్నైనా చూస్తున్నానంటే అది పొంగుతోందనో, మాడుతోందనో, తడిసిపోతోందనో అర్థం. ఇక్కడ చూడటమే పని. ఎవరో టీ తెచ్చి నా చేతికిచ్చారు. తాగేసి అలవాటుకొద్దీ గ్లాసు కడగడానికి లేచాను. మాలతి నా చేతిలోంచి గ్లాసు లాక్కుని కిటికీలో పెట్టేసి నన్ను మళ్ళీ బల్ల దగ్గరికి లాక్కెళ్ళింది. ఒక గొలుసు దగ్గర నా కాళ్ళు ఆగిపోయాయి. లేత్ మిషను మీద ఇనుము చెక్కినప్పుడు రాలే చుట్టలున్నాయే, వేడికి నీలంగా, ఎండుగడ్డి రంగుగా మారిపోయే చుట్టలు, వాటిని ఎవరో ఏరి, అంచులు అరగదీసి, దారానికి గుచ్చారు. మేమంతా చెత్తకుప్పలో రోజూ చూసేదే. ఇప్పుడు మాత్రం అది నెమలికంఠం రంగులో మెరుస్తోంది.

“ఇది!” అన్నాను. గొంతు పెద్దగా వచ్చేసింది. సిగ్గుపడి చుట్టూ చూశాను. గురునాథరావుగారు కళ్ళజోడు సర్దుకుని గొలుసు కేసి చూసి, “అవునమ్మా, ఇదే” అన్నారు. మాలతి చప్పట్లు కొట్టింది. నేనొకటి బాగుందన్నాను, ఇద్దరు మనుషులు విన్నారు. ఇంత చిన్న విషయానికి మనిషికి ఒళ్ళు తేలికైపోతుందని నాకు తెలియదు.

ఆ తర్వాత నన్ను పట్టేవాళ్ళు లేకపోయారు. ఇది ఉండనీ, అది తీసెయ్యి, ఇదింకోసారి చూద్దాం. వాదించుకున్నాం, నవ్వుకున్నాం. ఏదైనా ఇద్దరు ఔనంటే చాలు, అది గోడకెక్కుతుంది.

అప్పుడొచ్చింది నెమలి. గాజుపూసల తోక విప్పుకుని, అద్దాల కళ్ళతో, ఒక మూల బల్లంతా ఆక్రమించి కూర్చుంది. “ఎంత బిగువు చూడండి, ఒక్క పూస వదులు లేదు” అన్నారు గురునాథరావుగారు. మాలతి తల అడ్డంగా తిప్పింది. ఇక మిగిలింది నేను. మా ఆయన మొహం, భుజంగరావుగారి జీపు, క్వార్టరు ముందు ఇరుగుపొరుగుల గుసగుసలు, అన్నీ ఒకేసారి కళ్ళముందు తిరిగాయి. ఊరికే నిలబడలేక నెమలిని తిరగేశాను. పొట్ట కింద గుడ్డ మీద అచ్చువేసిన గీతలు, ఏ పూస ఎక్కడో చెప్పే అంకెలు. చేసినావిడ ఓపికకు దండం పెట్టాలి. కానీ ఎక్కడ నీలం పెట్టాలో, ఎక్కడ ఆగాలో ఆవిడ ఒక్కసారి కూడా ఆలోచించుకోవలసిన అవసరం రాలేదు. అదంతా ఎవరో ముందే తేల్చేశారు. నా కాపురమూ ఇలాగే, గీసిన గీతల మీద కుట్టుకుంటూ వచ్చినదే కదా అనిపించింది. అందుకని ఆ నెమలి మీద జాలేసింది. జాలితో ఔనంటే మాత్రం పొద్దుటి నుంచీ నేను చూసినదంతా అబద్ధమైపోతుంది.

“వద్దండీ” అన్నాను.

మా ఇంట్లో ఆ మాట నేను వాడేది అన్నం దగ్గరే, అదీ నా కంచంలోకి రెండోసారి పెట్టబోతే. ఇక్కడ అది హాలంతా వినబడింది. గురునాథరావుగారు ఒక్క క్షణం నా వైపు చూసి, “సరేనమ్మా, నేను కుట్టు చూశాను, నువ్వు మనిషిని వెతికావు” అని నెమలిని జాగ్రత్తగా పక్క బల్ల మీదికి మార్చారు.

భోజనాలయ్యాక చివరగా ఒక మూట విప్పాం. నేలమీద పరవగానే ముగ్గురం దాని మీదికి వంగాం. అది పాత ఖాకీ గుడ్డల బొంత. కొలిమి దగ్గర పనిచేసేవాళ్ళ చొక్కాలకు నిప్పురవ్వలు పడి చిల్లులు పడతాయి. మా టౌన్‌షిప్‌లో ఆ చిల్లులు లేని ఇల్లు లేదు. ఆడవాళ్ళం వాటిని కనబడకుండా మాసికలు వేసి తిప్పలు పడతాం. ఈవిడెవరో మాసిక వేయలేదు. ఒక్కో చిల్లినీ అలాగే ఉంచి, దాని చుట్టూ ఎర్రదారం, పసుపుదారం, నారింజదారం రేకుల్లా కుట్టింది. కొన్ని మొగ్గలు, కొన్ని విచ్చినవి, కొన్ని రాలిపోతున్నవి. ఖాకీ నేలంతా నిప్పుపూలు పూసినట్టుంది.

మోకాళ్ళ మీద కూర్చుని తడిమి చూస్తున్నాను. ఒక మూల జేబుగుడ్డ దగ్గర వేళ్ళు ఆగాయి. అక్కడొక చినుగుకు ఆకుపచ్చ దారంతో మాసిక వేసి ఉంది. ఖాకీదారం అయిపోతే ఆకుపచ్చతో గబగబా కుట్టి, “చిలకలా ఉన్నాను” అని మా ఆయన చేత తిట్లు తిన్న మాసిక. నా చేతి కుట్టు నేను పోల్చుకోలేనా! దాని చుట్టూ మాత్రం ఒక్క రేకు కూడా కుట్టలేదు. నా కుట్టును తాకకుండా అలాగే వదిలేసింది. మా ఆయన పాత చొక్కాలు దాచిపెట్టేది ఇంట్లో ఒక్క అత్తమ్మే.

“ఇది మా అత్తగారు చేసింది” అన్నాను. నమ్మలేక రెండుసార్లు అన్నాను. “నేను దీని మీద మాట్లాడకూడదు. బయట ఉంటాను, మీరిద్దరూ చూడండి.”

వరండాలోకి వచ్చి కాగితపూల తీగ పక్కన నిలబడ్డాను. నేను కోసిన ముక్కలు లావు, నేను పెట్టిన చారు పలచన, నేను వేసిన ముగ్గు వంకర అనే మనిషి. నేను క్లాసుకెళ్ళే మధ్యాహ్నాల్లో ఆవిడ నిద్రపోతుందనుకునేదాన్ని. ఆ బొంత వద్దనేస్తే? అలా జరగకూడదని ఎంత గట్టిగా కోరుకున్నానంటే, నా పిల్లల పరీక్షలకు కూడా అంత మొక్కుకోలేదు. లోపల నుంచి నవ్వులు వినిపించాయి. మాలతి తలుపు తీసి, “దీదీ, ఇద్దరిదీ ఒకటే మాట. వాకిట్లోంచి రాగానే ఎదురుగోడ మీద అదే!” అంది. నేనామెను అమాంతం కౌగలించుకున్నాను.

ఇంటికొచ్చేసరికి అత్తమ్మ బియ్యం ఏరుతోంది.

“ఏటే, ఏటేటి సూసినావ్?”

“బొంత చూశాను.”

చేట మీద చెయ్యి ఆగింది. “బాగుందేటి?”

“చెప్పకూడదు అత్తమ్మా.”

“నాకు చెప్పకూడదేటి?”

“మీకే చెప్పకూడదు.”

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ముందు ఎవరు నవ్వారో గుర్తులేదు. అత్తమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంటూ చెప్పుకొచ్చింది. తను పక్క క్వార్టరు దులారీ దీదీ వరండాలో కూర్చుని కుట్టిందట, మూట పట్టుకెళ్ళి ఇచ్చింది మాత్రం దులారీయేనట. “నీ క్లాసుకి ఎల్లొచ్చినోళ్ళంతా ఆ అరుగు మీద కూకుని నీ గురించే చెప్పుకుంటారు. నాకూ చేతులున్నాయి కదా అనుకున్నాను.”

“మరి నా క్లాసుకే రావచ్చు కదా?”

“కోడలి దగ్గర నేర్సుకున్నానంటే నా పరువేటవ్వాలి?”

ప్రదర్శన తెరిచిన సాయంత్రం మా ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని మాతో వచ్చారు. ముందు నెమలి కోసం గోడలన్నీ వెతికారు. తర్వాత ఎదురుగోడ మీద బొంత చూసి నోరు తెరిచారు. “ఇవి నా చొక్కాలే!” దాని కింద చీటీ మీద ఇప్పుడు నంబరు బదులు ‘అప్పలనరసమ్మ’ అని ఉంది. వాళ్ళమ్మ పేరు అచ్చులో చూడటం ఆయనకు అదే మొదటిసారి. ఆ చీటీ కేసే చూస్తూ నిలబడ్డారు.

అప్పుడే భుజంగరావుగారి భార్య కమలాకుమారి తిన్నగా మా దగ్గరికి వచ్చింది. పట్టుచీర, ఎత్తుమడమల చెప్పులు. “నా నెమలిని వద్దన్నదెవరో తెలుసుకోవచ్చా?”

మా ఆయన దగ్గారు. మళ్ళీ దగ్గారు.

“నేనేనండీ” అన్నాను. అని, నాకు తోచింది తోచినట్టు చెప్పాను. మీ ఓపిక కనబడింది, మీరు కనబడలేదు. అంకెల్లేని గుడ్డ మీద మీరు కుడితే ఎలా ఉంటుందో చూడాలనిపించింది.

ఆవిడ పెదవి బిగించింది. హఠాత్తుగా నవ్వేసింది. “కలకత్తా నుంచి పెట్టెలో వచ్చిందండీ ఆ నెమలి. తోక కుడుతూ కునికిపాట్లు పడ్డాను. ఇంటికొచ్చిన వాళ్ళంతా అద్భుతం అన్నారు. మీవారైతే రెండుసార్లన్నారు. బోరు కొట్టిందా అని ఒక్కరూ అడగలేదు.” తర్వాత గొంతు మార్చి, “మీ క్లాసెప్పుడు?” అని అడిగింది.

“మధ్యాహ్నాలు. రండి.”

“నానూ ఎల్తాను” అంది అత్తమ్మ. “పరువు అయిపోనాది కదా, పేరు గోడెక్కీసినాక ఇంకేటి?”

“ఇద్దరూ ఎల్లిపోతే సాయంత్రం టిఫినో?” అన్నారు మా ఆయన.

“పెళ్ళికి ముందు ఈ సెక్టర్ టూలోనే రూములో ఉండి తోటోళ్ళందరికీ నువ్వే వండి పెట్టీవోడివి కదేటిరా? ఉప్మా మరిసిపోయినావా?” అంది వాళ్ళమ్మ. కమలాకుమారి ఫక్కున నవ్వింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. కాసేపటికి ఆయనా నవ్వారు, ఆ మాట మాత్రం చెప్పాలి.

వెళ్ళబోతుంటే మాలతి పరుగున వచ్చి నా చెయ్యి పట్టుకుంది. “దీదీ, వచ్చే ఏడు కూడా మీరే జడ్జి. మాటివ్వండి.”

నేను గోడల కేసి చూశాను. అన్నిటి కిందా ఎవరో ఒకరి పేరుంది. ఇన్నేళ్ళూ అందరి చినుగులూ కుట్టాను, ఎందరికో సూది పట్టడం నేర్పాను. నాదంటూ ఒక్కటి, ఎవరూ అడగకుండా, ఎవరికీ అక్కర్లేకుండా, నాకు తోచినట్టు చేసింది ఎక్కడా లేదు.

“మాటివ్వలేను మాలతీ. వచ్చే ఏడు నేను పోటీలో ఉంటాను.”

అత్తమ్మ నడుం మీద చెయ్యి వేసుకుని నన్ను కిందికీ పైకీ చూసింది.

“నాతోనా?”

“మీతోనే అత్తమ్మా.”