సగం ఇల్లు

ఇరవై ఏళ్ళు కలిసి బతికిన టెర్రీ ఇల్లు అమ్ముతున్నానని, ఖాళీ చెయ్యమని చెప్పాడు. గ్లెనిస్ భయపడలేదు. ఏళ్ళ తరబడి ఒకే ఇంట్లో కాపురం చేస్తే, పెళ్ళి కాకపోయినా చట్టం ఆలుమగలుగానే చూస్తుందని రాథరమ్‌లో వాళ్ళుండే వీధి వీధంతా నమ్మకం. ఆ మాట ఎవడు పుట్టించాడో గానీ, వాడి నోరు పడ! ఇల్లు టెర్రీ పేరనే ఉన్నా సగం తనదేననుకుంది.

లైబ్రరీలో ఉచితంగా సలహా చెప్పే లాయరమ్మాయి తల అడ్డంగా ఊపింది. "ఇంగ్లండులో అలాంటి చట్టం ఎప్పుడూ లేదండీ. పెళ్ళి కాకపోతే ఎన్నేళ్ళున్నా భార్య కారు."

వానలో తడిసి ఇంటికొచ్చేసరికి టెర్రీ టీ పెట్టుకుంటున్నాడు.

"పెళ్ళి మాటెత్తినప్పుడల్లా ఏమనేవాడివి? 'కాగితం ముక్కెందుకే పిచ్చిదానా, చట్టం మనకెప్పుడో పెళ్ళి చేసేసింది' అనేవాడివి కదూ? నీకూ తెలీదు కదా టెర్రీ? తెలీదని చెప్పు."

అతను కప్పులో పంచదార కలిపాడు.

"మొదటి పెళ్ళాం సగం ఇల్లు పట్టుకుపోయినప్పుడే లాయరు చెప్పాడు గ్లెనిస్, ఇంకెవర్నీ పెళ్ళాడకని. అప్పటికి నువ్వింకా ఈ గడప తొక్కలేదు."