చివరి పేజీలో చుక్క

“చుక్కలు, కామాలు పెట్టేదానికి ఇంతసేపా?” అని మా ఆయన అంబరీష్ అడిగినప్పుడు నేను అనపగింజలు పితుకుతున్నాను. నానిన గింజను రెండు వేళ్ళ నడుమ పెట్టి నొక్కితే తోలు చేతిలో మిగిలి, పప్పు గిన్నెలోకి దూకుతుంది. ఎడంపక్క గిన్నె, కుడిపక్క ఆయన ల్యాప్‌టాప్. చెయ్యి తుడుచుకోవడం, ఒక వాక్యం చదవడం, ఒక కామా పెట్టడం, మళ్ళీ గింజలు. చిక్కబళ్ళాపురంలో మా ఇంట్లో తొమ్మిదేళ్ళుగా ఆదివారాలు ఇట్లాగే గడిచాయి.

“పొద్దున్నే ట్రైన్ ఉండాది నాకు. ఊరికే పైపైన చూసి ఇయ్యి. నువ్వేమీ రాసే పని లేదు కదా, అంతా నేనే రాసినా” అన్నాడు మళ్ళీ.

ఆయన పనిచేసేది బెంగళూరులో ఒక చిన్న కంపెనీలో. టీకాలు దాచే ఫ్రిజ్‌లు వేడెక్కకుండా కనిపెట్టి ఉండే సాఫ్ట్‌వేర్ చేస్తారు వాళ్ళు. దాన్ని ఎట్లా వాడాలో చెప్పే ఇంగ్లీషు పుస్తకం రాయడం ఆయన ఉద్యోగం. విషయం ఆయనకు బాగా తెలుసు. కానీ వాక్యాలు మాత్రం ఊపిరి తీసుకోకుండా పరుగెత్తుతాయి. ఎక్కడ ఆగాలో వాటికి తెలియదు. ఆపేది నేను.

ఆ విద్య నాకు పాతపాళ్య బడిలో వచ్చింది. రామకృష్ణప్ప మేష్ట్రు కన్నడ పాఠం చదివించేటప్పుడు “అల్పవిరామ దగ్గర మనసులో ఒకటి ఎంచండి, పూర్ణవిరామ దగ్గర రెండు ఎంచండి” అనేవారు. ముప్పైమందిమి ఒకేసారి చదివి, ఒకేసారి ఆగేవాళ్ళం. చీమ కాలంత గుర్తు ముప్పై గొంతుల్ని ఒక్కసారిగా ఆపగలదని తెలిసిన రోజు నేను పుస్తకంలోంచి తల ఎత్తలేకపోయాను. దేవుడి గుళ్ళో కూడా నాకు అంత భయభక్తి కలగలేదు. తర్వాత చింతామణిలో ఇంగ్లీషు బీఏ చదివాను, చిక్కబళ్ళాపురంలో ఒక బడిలో మూడేళ్ళు పాఠాలు చెప్పాను. పాప పుట్టాక మానేశాను. మానేశాను అని చెప్పడం అలవాటైపోయింది. మానిపించారు. “మన బిడ్డకు చెప్పు ఇంగ్లీషు, ఊరోళ్ళ బిడ్డలకు ఏమిటికి?” అంది మా అత్త మునిలక్ష్మమ్మ. అంబరీష్ ఏమీ అనలేదు. అనకపోవడం కూడా ఒక మాటేనని అప్పట్లో నాకు తెలియదు.

పోయిన ఏడాది ఆఫీసులో ఆయనకు ఒక గాజుబిళ్ళ ఇచ్చారు. ‘స్పష్టమైన భాషకు’ అని దానిమీద చెక్కి ఉంది. టీవీ పక్కన పెట్టుకున్నాడు. దానిమీద దుమ్ము తుడిచేది నేనే. తుడిచేటప్పుడు నాకు కోపం రాలేదు, నిజంగానే రాలేదు. ఆ గాజుమీది మాట నాదని నాకైనా తోచలేదు.

ఆ ఆదివారం చివరి పేజీకి వచ్చేసరికి ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. ఫ్రిజ్‌లో గంట మోగితే ఏం చెయ్యాలో చెప్పే వాక్యం. మూత తెరవకూడదని ఒక ముక్క, కంపెనీ సహాయకేంద్రానికి ఫోన్ చెయ్యాలని ఇంకో ముక్క. ‘వెంటనే’ అన్న ఇంగ్లీషు మాట ఆ రెంటికీ నడుమ, ఎటూ కాకుండా నిలబడి ఉంది. దానికి ముందు చుక్క పెడితే, ‘మూత తెరవవద్దు. వెంటనే ఫోన్ చెయ్యండి.’ తర్వాత పెడితే, ‘మూత వెంటనే తెరవవద్దు. ఫోన్ చెయ్యండి.’ మొదటిది తెరవనే వద్దంటుంది. రెండోది కాసేపాగి తెరవవచ్చంటుంది. నేను ‘వెంటనే’కి ముందు చుక్క పెట్టి, పక్కన ఎర్రగా ‘ఇది తప్పకుండా మార్చండి’ అని రాసి, గిన్నె తీసుకుని పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయాను.

మార్చిలో అత్తకు కైవారం మొక్కు ఉంటే ఇద్దరం బస్సులో పోయాం. దర్శనమయ్యాక పక్క పల్లెలో ఆశక్కను చూసి వద్దామనుకున్నాం. ఆశక్క మా పెద్దమ్మ కూతురు, ఆ పల్లె ఆరోగ్యకేంద్రంలో నర్సు. మమ్మల్ని చూసి సంతోషపడింది కానీ ముఖంలో కళ లేదు. టీ తాగాక ఆ గదీ ఈ గదీ చూపిస్తూ టీకాల ఫ్రిజ్ దగ్గరికి తీసుకుపోయింది. ఫ్రిజ్ పైన గోడకు, ఏదో పుస్తకంలోంచి అక్కడక్కడా వాక్యాలు ఏరి అచ్చేసిన కాగితం ఒకటి అతికించి ఉంది.

మొదటి వాక్యంలోనే గుర్తుపట్టాను.

“ఏమి రాసినారమ్మా దాంట్లో?” అని అత్త అడిగింది. ఆశక్క ఇంగ్లీషులో ఒక్కో వాక్యం గట్టిగా చదివి, తర్వాత తెలుగులో చెబుతోంది. నేను కామా పెట్టిన చోట ఆమె గొంతు రవ్వంత ఆగింది. చుక్క దగ్గర పూర్తిగా ఆగి, స్విచ్ వైపు చూసి, మళ్ళీ ఎత్తుకుంది. నా చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. అనపతోలు అంటిన వేళ్ళతో నేను పెట్టిన గుర్తు అది. అది రైలెక్కి బెంగళూరు పోయి, ఎన్నో బల్లలు దాటి, కాగితమై తిరిగొచ్చి ఈ సున్నంగోడ మీద కూర్చుంది. నేనెవరో తెలియకుండానే ఇంకొక ఆడమనిషి ఊపిరిని పట్టుకుని ఆపుతోంది. ఇట్లాంటి గదులు ఇంకెన్ని ఉన్నాయో. ఈ పూట ఎన్ని గొంతులు నేను ఆగమన్న చోట ఆగాయో. ఫ్రిజ్ పక్కనున్న స్టూలు మీద కూర్చున్నాను.

చివరి వాక్యం వచ్చింది. ఈసారి గొంతు ఎక్కడా ఆగలేదు. గబగబా కొసదాకా పోయింది. “గంట కొడితే మూత వెంటనే తెరవొద్దంట. ఆ తర్వాత ఫోన్ చెయ్యల్లంట” అని చెప్పింది ఆశక్క. కాగితం మీద నా చుక్క లేదు.

“ఇంకోతూరి చదువక్కా” అన్నాను. చదివింది. అదే మాట.

“దీనితోనే నాకు కష్టం వచ్చె నేత్రా” అంది. “పోయిన నెల గంట కొట్టింది. పది నిమిషాలు ఆగి, మూత తెరిసి, టీకాలు వేరే పెట్టెలోకి మార్చబోతి. ఫోన్ చేసేలోపలే వేడెక్కిపోయె అన్నీ. పారేయాల్సి వచ్చె. ఎండలో బిడ్డలనెత్తుకుని వచ్చిన తల్లులను ఉత్తగా పంపిస్తి. నేను సూచనలు పాటించలేదని నోటీసు ఇచ్చినారు. పాటించినానే! ఇట్లే కదా రాసి ఉండాది?”

అత్త నన్నొకసారి చూసింది, ఆ కాగితాన్నొకసారి చూసింది.

మరుసటి రోజు మధ్యాహ్నం ఆ పుస్తకం కోసం ఫోన్‌లో వెతికాను. ఎవరైనా చదవవచ్చు, ఎవరైనా దిద్దుబాటు పంపవచ్చు, అట్లా బయటే పెట్టి ఉంది. ఆ సంగతి ఆయన ఏనాడూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఒకచోట నొక్కితే ప్రతి వాక్యం పక్కన ఒక పేరు, ఒక తేదీ, ఎందుకు మార్చారన్న కారణం కనబడ్డాయి. ప్రతి వాక్యానికీ. ఎక్కడో మంచు కురిసే దేశంలో ఉండే ఆయన ఎవరో ఒక కామా తీసేద్దామన్నాడట. ఇంకొకామె వద్దందట. నలుగురు కలిసి నాలుగు రోజులు ఆ ఒక్క కామా గురించి మర్యాదగా, కారణాలు చెప్పుకుంటూ మాట్లాడుకున్నారు. నేను చేసిన ఏ పని గురించైనా ఎవరైనా నాలుగు నిమిషాలు మాట్లాడారా అని ఆలోచించాను. సాంబారు బాగుంటే చేసిందెవరని మా ఇంట్లో ఎవరూ అడగరు. ఉప్పు ఎక్కువైన రోజే నా పేరు వినబడుతుంది. ఇక్కడ మంచికీ చెడ్డకీ ఒకే తీరుగా పేరు రాసి పెట్టారు. చెరిపేసినా, చెరిపినవాళ్ళ పేరుతో సహా ఉంటుంది. ఇంత పెద్ద లోకంలో ఇంత చిన్న పనిని ఇంత గౌరవంగా చూసే చోటొకటి ఉందని తెలిసి కళ్ళు మసకబారాయి. ముక్కు తుడుచుకుని, నేను పెట్టిన గుర్తులను వెతుక్కుంటూ పోయాను. వందలున్నాయి. ప్రతిదాని పక్కనా ఒకే పేరు, అంబరీష్. చివరి పేజీలో, చుక్క లేని వాక్యం పక్కన కూడా అదే పేరు.

సాయంత్రం ఏడుకు ఆయన వచ్చాడు. కాఫీ ఇచ్చి అడిగాను.

“చివరి పేజీలో నేను పెట్టిన చుక్క ఏమైంది?”

“ఏ చుక్క?” కాసేపటికి గుర్తొచ్చింది. “ఓ, అదా. ట్రైనుకు టైమయ్యిందని ఆ పేజీలో నీ దిద్దుబాట్లు ఎక్కించలేదు. ఒక చుక్కే కదా.”

ఆశక్క సంగతి చెప్పాను. ఆయన ముఖం పాలిపోయింది. చెడ్డవాడు కాదు. లోటా కింద పెట్టి, “రేపు ఆఫీసుకు పోతూనే మార్చేస్తా. ఎవరికీ తెలీకుండా అయిపోతాది” అన్నాడు.

“ఎవరికీ తెలీకపోతే ఆశక్క మీద నోటీసు అట్లే ఉంటాది కదా? మార్పు నేను పంపుతా. ఏం జరిగిందో రాసి పంపుతా.”

“నువ్వా?” లేచి నిలబడ్డాడు. “పాత వాక్యం పక్కన నా పేరుండాది నేత్రా! అందరూ చూస్తారు. పెండ్లామే మొగుని తప్పు ఊరికి చెప్పిందంటారు.”

“నా ఒప్పులన్నీ మీ పేరు కింద ఉండాయి” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. “అవి నేను ఎవరికీ చెప్పలేదు.”

వంటింటి గడప దగ్గరి నుంచి అత్త మాట్లాడింది.

“అంబరీషా, ఆ బిడ్డ చదివేటప్పుడు నేను ఆడే ఉంటి. రెండు తూర్లు విన్యా. నాకు ఇంగ్లీషు రాదు. కానీ మిగతావాటిలో నిలిపి నిలిపి చదివె, దాంట్లో యాడా నిలపల్యా. అది తెలిసె నాకు. కాగితంలో ఎట్లుండాదో అట్లే చదివింది. తప్పు ఆయమ్మది కాదురా.”

“నీకేం తెలుసులేమ్మా” అన్నాడు.

“ఆ మాట మీ నాయిన నలభై ఏండ్లు అనె. నువ్వూ అను.” కొంగుతో చేతులు తుడుచుకుంటూ నా వైపు తిరిగింది. “పంపమ్మా.”

తొమ్మిదేళ్ళలో ఆమె నోటి నుంచి అట్లాంటి మాట నేను వినలేదు. ఆమె కూడా విని ఉండదనుకుంటాను.

తెల్లారి ఆయన రైలుకు పోయాక, పాపను బడికి పంపి, కూర్చున్నాను. ఒక చుక్క పెట్టాను. ఎందుకు పెట్టానో రాయడానికి గంట పట్టింది. ఆశక్కను అడిగి, ఆమె ఒప్పుకున్నాక, ఊరిపేరు లేకుండా జరిగిందంతా రాశాను. కింద, తప్పు కనిపెట్టడానికి సాయపడినవాళ్ళ పేర్లు రాసే చోటుంది. ఆశక్క పేరు రాసి, “అత్తా, నీ పేరు ఇంగ్లీషులో ఎట్లా రాయల్ల?” అని అడిగాను.

“వాళ్ళ ఇష్టం. రేషన్ కార్డులో ఒగ మాదిరి, బ్యాంకులో ఒగ మాదిరి రాసినారు. నన్ను ఎవురడిగినారు?”

“నేను అడుగుతాండా.”

ఆమె కొంగు సర్దుకుంది. తర్వాత, బడిలో పిల్లలాగా, ము, ని, ల, అని ఒక్కో అక్షరం విడదీసి చెప్పింది.

మూడో రోజుకు జవాబు వచ్చింది. కంపెనీ తరఫున చూసే ఆవిడ రెండు ప్రశ్నలు అడిగింది, నేను బదులు రాశాను. ఆ సాయంత్రమే చుక్క పుస్తకంలోకి ఎక్కింది. గోడలమీది కాగితాలన్నీ మార్చమని అన్ని కేంద్రాలకూ రాశారు. ఆశక్క ఆ పేజీని అచ్చు తీసుకుని పై అధికారి ముందు పెట్టింది. పాత వాక్యం, కొత్త వాక్యం, తేదీలు, కారణం, అన్నీ అందులోనే ఉన్నాయి. నోటీసు వెనక్కి తీసుకున్నారు. ఫోన్‌లో ఆమె ఏడుస్తూ నవ్వింది.

అంబరీష్ వారం రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఆఫీసులో ఆయననెవరూ ఏమీ అనలేదట. నేత్ర ఎవరని మాత్రం మేనేజర్ అడిగాడట. “నా భార్య అని చెప్పినా” అన్నాడు. ఇంకేమి చెప్పాడో నేను అడగలేదు. ఆ ఆదివారం ఎప్పటిలాగే ల్యాప్‌టాప్ తెచ్చి నా ముందు పెడితే, మెల్లగా మూత వేసి ఆయన వైపు జరిపాను.

“ఇట్ల కాదు. అందరూ చూసే ఆ పేజీలో పెట్టండి. నా పేరుతో చూసి ఇస్తా.”

ఆయన ల్యాప్‌టాప్ తీసుకుని గదిలోకి పోయాడు. బుధవారం మధ్యాహ్నం, చూడమని నా పేరుకు ముప్పై పేజీలు వచ్చాయి.

అవి తెరిచి కూర్చున్నప్పుడు అత్త వచ్చి పక్కన కూర్చుంది. “నా పేరు చూపీ ఒగతూరి” అంది. చూపించాను. ఫోన్ అద్దం మీద వేలు ఆనించి, అక్షరం వెంట అక్షరం కొసదాకా పోయింది. కొసన వేలు ఆగింది.

“దీనెనక చుక్క పెట్టల్యా నువ్వు?”

“పేర్ల వెనక పెట్టరత్తా. చుక్క పెడితే అయిపోయిందని అర్థం.”

“అయితే ఇంకా ఉండాదా?” అంది ఆమె, వేలు తీయకుండానే.