మూడో పిలుపు

ఆసుపత్రి తలుపులు తెరిచేసరికి చీటీల కిటికీ దగ్గర జనం కిటకిటలాడుతుంటారు. కాసేపట్లో ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోతారు. పేరు రాయించుకుని ఒకాయన కొట్టు తెరవడానికి వెళ్తాడు, పొయ్యి మీద పాలు పెట్టి వచ్చానంటూ ఒకావిడ పరుగెత్తుతుంది. ఆ తర్వాత హాల్లో బల్లలన్నీ ఖాళీ. తనిఖీకి వచ్చిన అధికారి ఒకాయన ఆ ఖాళీ బల్లలు చూసి, ఈ ఆసుపత్రికి రోగులే రావడం లేదని రాసుకుని పోయాడు.

ఇదివరకు ఇలా ఉండేది కాదు. తెల్లారకముందే వచ్చినవాళ్ళు మధ్యాహ్నం దాకా పడిగాపులు పడేవాళ్ళు. ఉన్న జబ్బుకి నడుం నొప్పి తోడయ్యేది. కొత్తగా వచ్చిన ఇన్‌ఛార్జి మేడమ్ ఇదంతా కొన్నాళ్ళు చూసింది. వంతు వచ్చినప్పుడు రమ్మందామని ఇళ్ళకి ఫోన్లు చేయించింది. సగంమంది ఎత్తలేదు. మిగతా సగంమంది ఎత్తి, "లోను వద్దమ్మా" అని పెట్టేశారు. అప్పుడు ఆవిడ దృష్టి పిలుపమ్మ మీద పడింది.

పిలుపమ్మ డాక్టర్ల గదుల బయట నిలబడి పేర్లు పిలిచే ఉద్యోగి. ఆవిడ ఎవరిని పిలిస్తే వాళ్ళకి, ఎక్కడున్నా సరే, పక్కనే నిలబడి పిలిచినట్టు వినపడుతుంది. సంతలో ఉన్నా వినపడుతుంది, తలకి సబ్బు రాసుకుని స్నానాల గదిలో ఉన్నా వినపడుతుంది. మరొకరికి వినపడదు. పుట్టు గొంతే అంత. చిన్నప్పుడు ఆటల్లో మునిగిపోయిన పిల్లల్ని అన్నానికి పిలవడానికి ఇంట్లో ఆవిడనే పురమాయించేవాళ్ళు.

"ఇంత గొంతు ఉంచుకుని వీళ్ళందర్నీ ఇక్కడెందుకు కూర్చోబెడుతున్నారమ్మా?" అంది మేడమ్.

"నన్నెవరూ అడగలేదండీ," అంది పిలుపమ్మ.

ఆ రోజు నుంచి పద్ధతి మారింది. వంతు దగ్గరపడగానే ఒక పిలుపు. రాకపోతే రెండోది, ఆ తర్వాత మూడోది. అప్పటికీ రాకపోతే చీటీ వచ్చే వారానికి వెళ్ళిపోతుంది. పెద్ద సర్జన్ వారానికి ఒక్కరోజే వస్తాడు కాబట్టి ఆయన చీటీల విషయంలో మేడమ్ మరీ ఖచ్చితం. రాని మనిషి కోసం వచ్చినవాళ్ళని ఆపడం ఆవిడకి నచ్చదు.

సర్జన్ వచ్చిన ఒక రోజు, చీటీల్లో పిలుపమ్మకి తన అన్న పేరు కనపడింది. అన్న టైలరు, షుగరు మనిషి. కాలి పుండు ముదిరితే వదిన పోరు పడలేక పొద్దున్నే వచ్చి, కట్టు కట్టించుకుని, పేరు రాయించుకుని తిరిగి కొట్టుకి వెళ్ళిపోయాడు. చీటీ మీద నర్సు ఎర్ర సిరాతో 'ఈ రోజే' అని రాసింది.

"వేళ్ళు నల్లబడ్డాయి," అంది నర్సు. "వారం ఆగితే మోకాలి దాకా తీసేయాల్సి వస్తుంది. ఆయనకీ చెప్పాను, నవ్వి ఊరుకున్నాడు. మీకు చుట్టమా?"

"మా అన్నయ్య," అంది పిలుపమ్మ. ఆ మాట అని ఆవిడకి చాలా ఏళ్ళయింది.

అమ్మ ఆఖరి ఘడియల్లో ఉన్నప్పుడు పిలుపమ్మ అన్నని పిలిచింది. అన్నకి వినపడింది. మిషను మీద ఎవరివో పెళ్ళి బట్టలున్నాయి. ఈ ఒక్క కుట్టూ అయ్యాక వెళ్దామనుకున్నాడు. వెళ్ళేసరికి అమ్మ లేదు. "ఇంక జన్మలో నిన్ను పిలవను," అంది చెల్లెలు. పంతంలో ఇద్దరూ ఇద్దరే. ఆవిడ పిలవలేదు, ఆయన రాలేదు.

ఇప్పుడు పిలవక తప్పలేదు. ఉద్యోగం వేరు, పంతం వేరు అని మనసుకి సర్దిచెప్పుకుని చీటీలో ఉన్న పేరు ఉన్నట్టు, ఇంటిపేరుతో సహా చదివింది. అన్న రాలేదు. ఇంకో రోగిని లోపలికి పంపి మళ్ళీ పిలిచింది. ఈసారి చివర 'గారు' కూడా తగిలించింది. అయినా రాలేదు.

మేడమ్ వచ్చింది. "వాళ్ళావిడకి ఫోన్ చేశాం. కొట్టు దగ్గర నిలబడి బతిమాలుతోందట, ఆయన కుర్చీలోంచి లేవడం లేదట. సర్జన్ గారు బయల్దేరే వేళయింది. ఇంకొక్క పిలుపే ఉంది."

పిలుపమ్మకి ముందు ఒళ్ళు మండింది. ఆ వెనకే భయం వేసింది. ఆవిడకి నడక రానప్పుడు అన్న తన పాదాల మీద ఆవిడ పాదాలు పెట్టించుకుని ఇల్లంతా తిప్పేవాడట. అమ్మ ఎప్పుడూ చెప్పేది. ఆ పాదమే ఇప్పుడు పోబోతోంది. ఆవిడ చీటీ పక్కన పెట్టేసింది.

"అన్నయ్యా, రా. నాకు భయంగా ఉంది."

పేరు లేకుండా ఆవిడ ఎవరినీ పిలిచి ఎరగదు. ఎటు పోవాలో తెలియక ఆ పిలుపు ఊళ్ళో అన్నలందరి దగ్గరికీ వెళ్ళింది. కాసేపటికి హాలు నిండిపోయింది. లారీ డ్రైవరు, లెక్కల మాస్టారు, సగం గడ్డం గీయించుకున్న ఒక పెద్దమనిషి, అందరూ తమ చెల్లెళ్ళకి ఏమైందోనని ఆయాసపడుతూ వచ్చారు. ఎలాగూ వచ్చారు కదా అని మేడమ్ అందరికీ బీపీ చూడమంది. లెక్కల మాస్టారికి చూసిన నర్సు ఆయన్ని మళ్ళీ లేవనివ్వలేదు, మంచం తెప్పించింది.

అందరికంటే వెనక, వదిన భుజం పట్టుకుని కుంటుతూ అన్న వచ్చాడు. మెడలో టేపు అలాగే ఉంది. చేతిలో ఒక చొక్కా, దానికి ఒక చెయ్యే కుట్టి ఉంది. సూది దారానికి వేలాడుతోంది.

"రెండుసార్లు పిలిచాను. వినపడలేదా?" అంది పిలుపమ్మ.

"వినపడింది. ఎవరో పేషెంటుని పిలుస్తున్నారనుకున్నా."

ఆవిడ చొక్కా వంక చూసింది.

"సగంలో వదిలేసి వచ్చానే," అన్నాడు అన్న.

పిలుపమ్మ ఆ చొక్కా లాక్కుని మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

"సూది ఉంది, జాగ్రత్త," అన్నాడాయన, సర్జన్ గదిలోకి నడుస్తూ.

రెండు వేళ్ళు పోయాయి. పాదం నిలిచింది. మేడమ్ ఆ వారమే చీటీలో ఒక కొత్త ప్రశ్న అచ్చు వేయించింది: ఇంట్లో మిమ్మల్ని ఏమని పిలుస్తారు? మూడో పిలుపు ఇప్పుడు ఆ మాటతోనే, పేరు కూడా కలిపి. పేరు కలపకపోతే హాలు చాలదని అందరికీ తెలిసింది.

కట్టు మార్పించుకునే రోజున అన్న తెల్లారకముందే వచ్చి, పేర్లు రాయించుకున్నవాళ్ళంతా వెళ్ళిపోయాక కూడా ఖాళీ హాల్లో బల్ల మీద కూర్చున్నాడు.

"ఇప్పట్నుంచే ఇక్కడెందుకు? కొట్టుకి వెళ్ళు, వంతు రాగానే పిలుస్తాగా," అంది పిలుపమ్మ.

"పిలువు," అన్నాడు అన్న, కాలు చాపుకుంటూ. "ఇక్కడే కూర్చుని వింటా."