సన్మాన పత్రంలో నాలుగో వాక్యం

కెనడాలోని మార్కమ్‌లో తెలుగు సాహితీ సంఘం పెట్టుకున్న సన్మానం రెండు గంటలకు. ఒకటిన్నరకు ముఖ్య అతిథి, మెక్సికో రచయిత్రి ఎల్విరా సొలోర్సానో, ఒక ముసలావిడను చెయ్యి పట్టుకుని హాల్లోకి తీసుకొచ్చి, మా అమ్మ అని పరిచయం చేసింది.

సన్మాన పత్రం రాసింది సంఘం సభ్యురాలు ధాత్రి. ఇరవై రెండేళ్లలో ఎల్విరా రాసిన మూడు నవలలు, రెండు వ్యాస సంపుటాలు, అన్నీ వరుసగా పేర్చింది. తల్లి మరణం మీద రాసిన వ్యాసంతో ఆమెకు పేరు వచ్చిందని నాలుగో వాక్యం. పత్రానికి అప్పటికే ఫ్రేము కట్టించారు.

ఆ వ్యాసాన్ని సంఘం సంచిక కోసం తెలుగు చేసిందీ ధాత్రే. నిరుడు తన తల్లి అన్నపూర్ణ పోయిన నెలకు మొదలుపెట్టి, ఆఫీసు నుంచి వచ్చాక రోజుకో పేరా చేసింది. తనలాగే తల్లిని పోగొట్టుకున్న మనిషి రాసిందన్న నమ్మకమే దాన్ని పూర్తి చేయించింది.

అధ్యక్షుడు కోదండరామ్‌కు సంగతి చెప్పింది. సవతి తల్లేమో కనుక్కోమన్నాడాయన.

“కన్నతల్లేనంట అంకుల్. అడిగా.”

“మరి పోయిందెవరమ్మా?”

ధాత్రి ఎల్విరాను పక్కకు పిలిచి, ఆ వ్యాసం నిజానికి కథా అని అడిగింది. వ్యాసమేనంది ఎల్విరా. తల్లికి ఆపరేషన్ జరిగిన రోజు డాక్టరు మొహం చూసి, పోయిందనే అనుకుని, ఆస్పత్రి బయట బెంచీ మీద కూర్చుని రాసిందట. తీరా ఆవిడ బతికింది.

“ఆ పూట నాకు అమ్మ లేదు. అందులో అబద్ధమేముంది?” అంది ఇంగ్లీషులో.

“ఆవిడకు తెలుసా?”

“తెలుసు. చివరి పేరా బాగా రాలేదంటుంది.”

మొన్న అమ్మ సంవత్సరీకం నాడు ధాత్రి పైకి చదివింది ఆ చివరి పేరానే.

పత్రం తాను చదివి, నాలుగో వాక్యం దాటేస్తానన్నాడు కోదండరామ్. ధాత్రి ఫ్రేము ఆయన చేతిలోంచి తీసుకుంది. దాటేస్తే ఇన్నాళ్లూ తాను ఏడ్చింది దేనికో తేలదు. చదివినా తేలదు.

మైకు ముందు మూడు వాక్యాలు చదివింది. నాలుగోదీ చదివింది.

ముందు వరుసలో పరిచయాలయ్యాక వచ్చిన సంఘం సభ్యుడు అమరేశ్వరరావు గారు అయ్యో అనుకుంటూ, పక్కనున్న ముసలావిడకు మంచినీళ్ల సీసా అందించారు. ఆవిడ థాంక్యూ చెప్పి తాగింది.

ధాత్రి ఐదో వాక్యం ఎక్కడుందో వెతుక్కుంది.