చప్పుడుకు రంగు పూయలేం

జబల్‌పూర్ వేలం యార్డులో రామనర్సయ్య బండి స్టార్ట్ చేశాడు. నాలుగుసార్లు రేజ్ చేసి, కిటికీలోంచి తల బయటపెట్టి "ఎట్లుంది చెల్లె మన బండి?" అని అడిగాడు. జవాబు చెప్పడానికి జోగే అక్కడ లేదు. వెతగ్గా వెతగ్గా గోడ మూల, తుప్పుపట్టిన డ్రమ్ముల వెనక దొరికింది. ఒక చెప్పు బండి దగ్గరే ఉండిపోయింది.

"ఏంది, గిక్కడ నిలబడ్డవ్?"

జోగే తన కాళ్లవైపు చూసుకుంది. "నేను రాలేదన్నా. ఇవే తెచ్చినయ్."

రామనర్సయ్య పడీపడీ నవ్వాడు. బండి తోలడానికి జోగే వెంటబెట్టుకొచ్చిన డ్రైవరు, ఆయనది భోపాల్‌పట్నం. ముప్పై ఏళ్లు లారీలు తోలినవాడు. ఇంజిన్ చప్పుడు వింటే ఆయనకు కడుపు నిండుతుంది. నవ్వాడని ఆయన్ని తప్పుపట్టలేం. ఆయనకు తెలియదంతే.

జగర్గుండా అవతల అడవిలో ఏగిసగూడెం అని ముప్పై రెండు ఇళ్ల దోర్ల ఆదివాసుల పల్లె ఉంది. జోగే అక్కడి మహిళా సంఘం పెద్ద. చింతపండు, ఇప్పపువ్వు తట్టలకెత్తుకుని, నెత్తి బొప్పి కట్టేదాకా నడిచి సంతకు పోతే, అక్కడ సేఠు చెప్పిందే ధర. తిరిగి మోసుకుపోలేరని వాడికి తెలుసు. సొంత బండి ఉంటే ఆ ఆట సాగదు. మామూలు లారీ వాగు దాటదు, వానపడితే దిగబడుతుంది. సైన్యం పాతబడిందని అమ్మేసే బండి అయితే ముందు చక్రాలు కూడా లాగుతాయి. "మన దారికి పనికొచ్చే బండి వాళ్లే చేసుకున్నరు మరి" అని ఏడాదిపాటు ఇల్లిల్లూ తిరిగి అందరినీ ఒప్పించింది జోగే. తీరా మొదట ఉరికింది తనే.

సైన్యం బండి ఆకుపచ్చ రంగుతో మామూలు జనం రోడ్డెక్కడానికి చట్టం ఒప్పుకోదు. అక్కడే రెండు రోజులుండి పసుపు రంగు కొట్టించారు, నీలం అంచు వేయించారు. రామనర్సయ్య తలుపుల మీద పువ్వులు కూడా గీయించాడు.

"పెండ్లిపిల్ల లెక్క ఉంది. ఇగ ఎవడు భయపడ్తడే?"

మూడు రోజుల ప్రయాణం. చదును మీద పోయేటప్పుడు బానే ఉండేది. ఘాట్ ఎక్కేటప్పుడు మాత్రం గేర్లలోంచి సన్నగా, పొడుగ్గా ఒక ఏడుపు వచ్చేది. అది రాగానే జోగే చెయ్యి తలుపు పిడి మీదికి పోయేది. కేశ్‌కాల్ ఘాట్ ఎక్కి టీకి ఆగినప్పుడు చెప్పింది.

"అన్నా, నువ్వు రంగు రంగు అంటవ్. రంగు కనపడేదాంక ఎవరుంటరు? మేం చెవులతోటి ఉరికేటోళ్లం."

"బండి చప్పుడు బండి చప్పుడే గద."

"ట్రాక్టర్ వేరు. లారీ వేరు. ఇది వేరు. మా భీమే అత్త రెండు గుట్టల అవతల ఉండంగనే చెప్తది, ఖాళీగ వస్తుందా, మనుషులతోటి వస్తుందా అని."

రామనర్సయ్య టీ గ్లాసు కింద పెట్టాడు.

అడవిలో బలగాలకూ దళాలకూ పోరు నడిచి, ఏ బండిలో ఎవరొస్తారో, దిగి ఏం చేస్తారో తెలియని ఏళ్లు అవి. జగర్గుండా సంత మూతపడి, దారులు తెగి, ఊళ్లకు ఊళ్లు అడవిలో పడుకున్న ఏళ్లు. గుట్ట ఎక్కే బండి ఏడుపు వినపడిందంటే, కుండలో నీళ్లు మరిగేంత సేపు ఉన్నట్టు. ఆ సేపట్లో పసిపిల్లను, విత్తనాల మూటను, కోడిని పట్టుకుని చెట్లలో పడాలి. అట్లా పెరిగిన పిల్లలకు ఇప్పుడు పిల్లలున్నారు. ఇవాళ తారు రోడ్డు వచ్చింది, సెల్ టవరు వచ్చింది, అంతా మారిందని గోడల మీద రాశారు. చెవుల లోపల ఏం రాసి ఉందో చదవడానికి మాత్రం ఎవరూ రాలేదు.

దంతెవాడ నుంచి జోగే సంఘం లెక్కలు రాసే కోసకు ఫోన్ చేసింది. "పసుపు బండి కోసా, మనదే. అందరికీ చెప్పు. డోలు పట్టుకోని నిలబడండ్రి."

"నిలబడ్తం అక్కా. ఎందుకు నిలబడం?"

ఊరికి ముందు ఇసుక వాగు, వాగు దాటితే ఏటవాలు గట్టు. రామనర్సయ్యకు ఉత్సాహం ఆగలేదు. ముందు చక్రాల గేరు వేసి, "చూడు దీని తడాఖా" అంటూ తొక్కాడు. బండి గట్టు మీదికి ఏడుస్తూ ఎక్కింది. "మెల్లగన్నా" అని జోగే అనేలోపే ఊరి మధ్యకు వచ్చి ఆగింది.

మిట్టమధ్యాహ్నం. మనిషి లేడు.

తోరణం కట్టి ఉంది. దాని కింద డోలు బోర్లా పడి ఉంది. పక్కన ఆకు దొన్నెలో పెట్టిన పసుపు, బియ్యం ఒలికి ఉన్నాయి. భీమే అత్త ఇంటి ముందు జావ పొంగి పొయ్యిలో పడుతోంది. జోగే దిగి, కట్టెలు వెనక్కి లాగి, కుండ దించింది. దించి అక్కడే కూర్చుండిపోయింది.

ఖాళీ అయిన తన ఊరిని ఆమె చూడటం అదే మొదటిసారి. ఊరు ఖాళీ అయిన ప్రతిసారీ ఆమె ఆ ఉరికినవాళ్లలోనే ఉంది. వచ్చినవాళ్లకు ఎలా కనపడేదో ఇవాళ చూసింది. వచ్చింది తనే కాబట్టి.

ముందుగా కోస వచ్చాడు, తల వంచుకుని. "నిలబడ్డం అక్కా. ఒట్టు. గట్టు మీదికొచ్చేదాంక నిలబడ్డం."

రామనర్సయ్యకు చిర్రెత్తింది. "పువ్వులు గీపిచ్చి తెస్తే దొంగను చూసినట్టు చేస్తిరి గదరా! సైలెన్సర్ మార్పిస్తా. లేకుంటె నెల రోజులు తిప్పుదం, వాళ్లే అలవాటు పడ్తరు."

"ఇన్నేండ్లు మేం చేసింది అదే గద, అలవాటు పడుడు" అంది జోగే, గొంతు పెంచకుండానే. "ఇది మా బండి. ఇగ బండే మాకు అలవాటు పడాలె. తీయన్నా, చేను దగ్గర పెట్టు. ఆపి పెట్టు."

చేను దగ్గర, చప్పుడు లేని బండి చుట్టూ ఒక్కొక్కరే చేరారు. వేలితో రంగు గోకి చూశారు. కింద పచ్చ తేలింది. భీమే అత్త కోడిని చంకలో పెట్టుకుని అందరికంటే దూరంగా నిలబడింది.

"అత్తా, ఎక్కు" అంది జోగే, డ్రైవరు తలుపు తీసి.

"ఏయ్, ఏయ్! అది నా సీటు" అన్నాడు రామనర్సయ్య. ఏ లారీ అయినా, పొద్దున లేచి దండం పెట్టుకుని ఎక్కే సీటు అది. ఇంట్లో పెళ్లాన్ని కూడా కూర్చోనివ్వలేదు ఆయన. జోగే ఆయన ముఖంలోకి చూసింది. ఆయన ఆ ముసలామె చంకలో కోడివైపు చూశాడు. గేరు న్యూట్రల్‌లో ఉందో లేదో చూసుకుని, తానే చెయ్యందించి ఎక్కించాడు.

"గీ బటన్ వత్తితే లేస్తది. గీ పిడి గుంజితే ఆగుతది. గంతే పెద్దమ్మా."

భీమే వత్తింది. బండి గర్జించింది. చేను నిండా జనం నాలుగడుగులు వెనక్కి పడ్డారు. కోడి ఎగిరి బయటపడింది. ముసలామె నోరు తెరుచుకుంది, చెయ్యి మాత్రం పిడిని వదల్లేదు. గుంజింది. నిశ్శబ్దం.

మళ్లీ వత్తింది. మళ్లీ గుంజింది.

"నేను ఆగమంటే ఆగుతదే!" అని తన దోర్లి భాషలో అరిచింది.

"బ్యాటరీ దిగుతది పెద్దమ్మా" అని రామనర్సయ్య మొత్తుకున్నాడు. ఎవరూ వినలేదు. అప్పటికే వరస కట్టారు. లేపడం మీద ఎవరికీ పెద్ద ఆశ లేదు, ఆపాలనే అందరికీ.

పొద్దు వాలేసరికి ఇరవై ఆరు ఇళ్ల చింతపండు బండి ఎక్కింది. ఆరు ఇళ్లవాళ్లు సరుకు మూటలతో ఇంకా చెట్ల మధ్యనే ఉన్నారు. వాళ్లను పిరికివాళ్లన్న కుర్రాళ్లను జోగే ఒక్క కసురు కసిరింది. తర్వాత ఖాళీ తట్ట నెత్తిన పెట్టుకుని, వాళ్ల సరుకు తానే మోసుకురావడానికి అడవివైపు నడిచింది.